ఓడ కిట్ రివ్యూ: చెక్క బాగుంది, ఆ ఓడను కట్టిన ఊరి కథే పెట్టెలో పెట్టలేదు

పద్నాలుగు నెలలు పట్టింది. మొన్న రాత్రి చివరి తాడు ముడి వేసి, కొస కత్తిరించి, చిన్న జిగురు చుక్క పెట్టాక షెడ్డులో లైటు ఆర్పబుద్ధి కాలేదు. చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. ముక్కలు కలిపి నమూనా ఓడ కట్టుకునే ఈ కిట్ తెరిచే ముందు తెలుగులో ఎవరైనా దీని గురించి రాశారేమోనని తెగ వెతికాను, ఒక్క ముక్క దొరకలేదు. అందుకే కాస్త పొడుగైనా ఫర్వాలేదని అన్నీ రాస్తున్నాను. కొనాలనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి.

మాది తిరుపతి. కొర్లగుంటలో చెక్క పని షెడ్డు ఉంది. తలుపులు, కిటికీలు, దేవుడి మందిరాలు చేస్తాం. తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు వచ్చిన పని. మా పాప, అల్లుడు ఇంగ్లండులో సౌతాంప్టన్‌లో ఉంటారు. పోయినేడు సంక్రాంతికి వచ్చినప్పుడు మా అల్లుడు ఒక పొడుగాటి అట్టపెట్టెను ఎయిర్‌పోర్టు నుంచి చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి, "మామయ్యా, ఇది మీ కోసం. తొందరేం లేదు, నిదానంగా చేయండి" అన్నాడు. లోపల 'అగమెమ్నాన్' అనే పాతకాలపు యుద్ధనౌక కిట్. 64 ఫిరంగుల ఓడ, అసలుకు 64వ వంతు సైజు. పూర్తయితే ముందుకు పొడుచుకొచ్చే కొయ్యతో కలిపి నాలుగడుగుల పైనే వస్తుంది. ధర మా అల్లుడు చెప్పలేదు. నేనే తర్వాత ఆన్‌లైన్‌లో చూస్తే మన డబ్బుల్లో యాభై వేలు దాటింది, అంత పెట్టి కొన్నాడని తెలిసి రెండు రోజులు దాన్ని ముట్టుకోవడానికే టెన్షన్ పడ్డాను. కంపెనీ పేరు రాయడం లేదు. బాగున్నవీ బాగాలేనివీ రెండూ చెప్తాను, ఎవరితోనూ గొడవ నాకొద్దు.

ముందు చెక్క సంగతి, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. ఓడకు వెన్నెముక లాంటి అడుగు దూలం, దాని మీద పక్కటెముకల్లా నిలబడే అడ్డ చెక్కలు మంచి ప్లైవుడ్‌లో లేజర్‌తో కోసి ఇచ్చారు. కోత ఎంత నీటుగా ఉందంటే, ఒకదాంట్లో ఒకటి దూర్చినప్పుడు ఎక్కడా ఆకురాయి వేయాల్సిన పని పడలేదు. మూలమట్టం పెట్టి చూశాను, తేడా లేదు. దాని మీద రెండు పొరల పలకలు వేయాలి. మొదటిది లైమ్‌వుడ్, మెత్తగా ఉంటుంది, లోపలికి పోతుంది కాబట్టి కనపడదు. రెండోది వాల్‌నట్, పైన కనపడేది. ఆ వాల్‌నట్ చూస్తే చేతికి ఎంత హాయిగా ఉందో! నార నిలువునా సాఫీగా ఉంది, ముళ్లు లేవు, గరుకు కాగితం రెండుసార్లు తిప్పితే పట్టులా వచ్చింది. లైమ్‌వుడ్‌లో మాత్రం ఎనిమిది పలకలు విరిగినవీ మెలి తిరిగినవీ వచ్చాయి. ఇంత డబ్బు తీసుకున్నప్పుడు నాలుగు ఎక్కువే వేసి ఇవ్వాలి.

పెట్టెలో కాగితాలు కూడా ఉన్నాయి. పెద్ద పెద్ద డ్రాయింగ్ షీట్లు, వాటికి నా దండం, అంత బాగా గీశారు. ఒక్క గీత అయోమయంగా లేదు. వాటితో పాటు ఓ చిన్న పుస్తకం, ఓడ చరిత్ర అని. మా పాప కూర్చుని మొత్తం చదివి చెప్పింది. నెల్సన్ అనే సేనాని గురించి పేజీలకు పేజీలు. ఏ యుద్ధంలో ఎటు తిరిగింది, ఎవరిని కాల్చింది, అన్నీ ఉన్నాయి. ఎవరు కట్టారు, ఎక్కడ కట్టారు, ఆ చెక్క ఎక్కణ్ణుంచి తెచ్చారు అని అడిగాను. పాప వెతికి వెతికి "బక్లర్స్ హార్డ్‌లో కట్టారు అని ఒక లైను ఉంది నాన్నా" అంది. ఒక్క లైను. నాకు మనసు చివుక్కుమంది. ఓడ అంటే చెక్క. చెక్క అంటే దాన్ని కోసినవాడు, చెక్కినవాడు, మోసినవాడు. వాళ్ల మాటే లేదు.

తర్వాత వాళ్లు ఊరెళ్లిపోయాక పాపే ఒక ఆదివారం ఆ ఊరికి వెళ్లింది, సౌతాంప్టన్ నుంచి గంట లోపే కారు ప్రయాణమట. అక్కడి మ్యూజియంలో ఉన్నవి ఫొటోలు తీసి పంపింది, బోర్డుల మీద రాసినవి వీడియో కాల్‌లో చదివి తెలుగులో చెప్పింది. మూడు నాలుగుసార్లు వెళ్లింది నా కోసం. నేను పలకలు అంటిస్తూ ఫోను స్టాండుకు పెట్టుకుని వినేవాణ్ణి. కిట్ కొన్నవాళ్లకు ఇదంతా కంపెనీయే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు కాబట్టి నాకు తెలిసినంత నేను చెప్తాను.

బక్లర్స్ హార్డ్ ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్ జిల్లాలో ఒక చిన్న ఊరు. బ్యూలీ అనే నది ఒడ్డున ఉంది. ఆ నది అక్కణ్ణుంచి కాస్త దూరం పోయి సోలెంట్ అనే సముద్రపాయలో కలుస్తుంది. బ్యూలీ అనే పేరు రాసేది ఒకలా, పలికేది ఇంకొకలా, అసలు అది 'అందమైన చోటు' అనే ఫ్రెంచి మాటట. 1204లో జాన్ రాజు అక్కడ క్రైస్తవ సన్యాసులకు మఠం కట్టించాడు, ఆ మఠం పేరే నదికీ వచ్చింది. ఆ నది మొత్తం ఇప్పటికీ ఒక జమీందారీ కుటుంబం సొంతం. నది ఒకరి సొంతం కావడం అనేది మనకు వింతగానే ఉంటుంది. సముద్రపు పోటు వస్తే నీళ్లు నిండుతాయి, ఆటు వస్తే బురద బయటపడుతుంది. 'హార్డ్' అంటే ఆ బురద మధ్యలో పడవలు ఒడ్డుకు చేరడానికి పనికొచ్చే గట్టి నేల. బక్లర్ అనేది అక్కడుండిన ఒక కుటుంబం పేరు. అంటే మన లెక్కలో 'బక్లర్ వాళ్ల రేవు'.

ఈ ఊరు పుట్టింది ఓడల కోసం కాదు, చక్కెర కోసం. అప్పటి జమీందారు, రెండో మాంటేగ్యూ డ్యూక్, 1722లో రాజు దగ్గర వెస్టిండీస్‌లో సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ అనే రెండు దీవులు రాయించుకున్నాడు. అక్కడి చెరుకు తోటల చక్కెర నేరుగా ఈ నదిలోకి తెచ్చి దింపాలి, ఇక్కడొక పట్నం లేవాలి, దాని పేరు మాంటేగ్యూ టౌన్ అని ప్లాను. చక్కెర పీపాలు దొర్లించడానికని వీధి బాగా వెడల్పుగా వేయించాడు. కానీ ఫ్రెంచి వాళ్లు అతని మనుషులను దీవుల నుంచి తరిమేశారు, చక్కెర రాలేదు, పట్నమూ లేవలేదు. ఆ కాలంలో ఆ దీవుల్లో చెరుకు తోటలంటే ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషుల చాకిరీ, ఆ మాట చెప్పకుండా చక్కెర కథ చెప్పకూడదు. మా అమ్మ వాళ్లది చిత్తూరు పక్క పల్లె. బెల్లం వండే గానుగల దగ్గర పెరిగినవాణ్ణి కాబట్టి చెరుకు పనిలో ఎంత ఒళ్లు హూనమవుతుందో నాకు తెలుసు, కూలి ఇచ్చి చేయించినా సరే.

అలా చక్కెర కోసం వేసిన ఆ వెడల్పు వీధి ఖాళీగా ఉండిపోయింది. దాని మీదికే తర్వాత దూలాలు వచ్చాయి. ఊరి వెనకే న్యూ ఫారెస్ట్ అనే పెద్ద అడవి. పేరుకు కొత్త అడవి గానీ, 1079 నాటికే విలియం రాజు వేట కోసం కట్టుబాటు చేసుకున్నది. ఓక్ చెట్లు దండిగా ఉన్నాయి, నది పక్కనే ఉంది, ఒడ్డు గట్టిగా ఉంది. ఓడలు కట్టడానికి ఇంకేం కావాలి? 1740ల నుంచి అక్కడ యుద్ధనౌకల పని మొదలైంది. 1744లో హెన్రీ ఆడమ్స్ అనే ఆయన నౌకాదళం తరఫున పని చూడ్డానికి వచ్చాడు. డెప్ట్‌ఫర్డ్ అనే సర్కారు ఓడల యార్డులో పని నేర్చుకున్న మనిషి. ఓడ పని పూర్తయ్యాక తిరిగి వెళ్లాలి, వెళ్లలేదు. అక్కడే ఉండిపోయి, యార్డు తనే తీసుకుని, 1805లో 92 ఏళ్లకు పోయేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆయన, ఆయన కొడుకులు కట్టినవి, ఇతరులు కట్టినవి అన్నీ కలిపి ఆ ఊరి రేవు నుంచి యాభైకి పైగా యుద్ధనౌకలు నీళ్లలోకి దిగాయి. రెండు వరసల ఇటుక ఇళ్లు, మధ్యలో ఒక వీధి, అంతే ఊరు! పాప పంపిన ఫొటో చూసి నేను నమ్మలేదు, ఇంకో వైపు కూడా తీయమన్నాను. ఇంకో వైపు నదే.

నేను చేసిన ఓడ విషయానికొస్తే, దానికి 1777 మే నెలలో అడుగు దూలం వేశారు, 1781 ఏప్రిల్ 10న నీళ్లలోకి దించారు. దగ్గర దగ్గర నాలుగేళ్లు. సుమారు 2,000 ఓక్ చెట్లు పట్టాయంటారు. మనవైపు కాలంతో పోల్చుకోవాలంటే, అదే 1781లో హైదర్ అలీకీ ఇంగ్లీషు వాళ్లకీ షోలింగర్ దగ్గర యుద్ధం జరిగింది. మరుసటేడు డిసెంబరులో హైదర్ అలీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే కన్నుమూశాడు. ఆ రోజుల ఓడ ఇది.

ఇక్కడొక్కటి వడ్రంగులకు మాత్రమే అర్థమయ్యే సంగతి, కానీ అందరికీ చెప్పాలని ఉంది. ఓడ లోపల దూలం వచ్చి పక్క గోడను కలిసే చోట మోచేయి లాంటి వంపు ముక్క ఒకటి పడుతుంది. కిట్‌లో దాన్ని ప్లైవుడ్‌లో కోసి ఇచ్చారు. బక్లర్స్ హార్డ్‌లో దాన్ని తిన్నని చెక్కలోంచి కోసేవాళ్లు కాదు. తిన్నని చెక్కను వంపుగా కోస్తే నార తెగిపోతుంది, బరువు పడగానే ఆ చోటే పుటుక్కున పోతుంది. అందుకని అడవిలో తిరిగి, పుట్టుకతోనే ఆ వంపు తిరిగిన కొమ్మను వెతికి, గుర్తు పెట్టి, కొట్టి తెచ్చేవాళ్లు. చెట్టు నిలబడి ఉన్నప్పుడే దాంట్లో ఓడలోని ఏ ముక్క ఉందో చూడగలిగిన కళ్లు వాళ్లవి. మన పల్లెల్లో నాగలికి ఇదే పద్ధతి. మా తాత తుమ్మచెట్ల కింద తలెత్తుకుని నడుస్తూ, కొమ్మ వంపు చూసి "ఇదిగో నాగలి" అని వేలు పెట్టి చూపించేవాడు, నాకు చెట్టే కనపడేది. ఆ ప్లైవుడ్ ముక్కలు అంటించిన రాత్రి మా తాత బాగా గుర్తొచ్చాడు.

కోత కూడా అంతే. గుంట తీసి, దాని మీద దూలం పడుకోబెట్టి, పైన ఒకడు, గుంటలో ఒకడు నిలబడి పొడుగాటి రంపం లాగాలి. పైవాడు గీత చూసుకుంటూ నడిపిస్తాడు, కిందివాడు బలమంతా పెట్టి లాగుతాడు, రంపపు పొట్టు అంతా వాడి కళ్లల్లోనే పడుతుంది. ఈ పని మనకూ ఉండేది. మిల్లులు రాకముందు మా తాత ఎన్నో ఏళ్లు గుంటలో నిలబడ్డవాడే, ముసలితనంలో కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పాప అక్కడి బోర్డు చదువుతూ "కింద నిలబడేవాడి కంట్లో పొట్టు పడేది" అన్నప్పుడు నేను పని ఆపేశాను. ఎనిమిదివేల కిలోమీటర్ల పైన ఉన్న ఊరు, రెండున్నర వందల ఏళ్ల నాటి మాట, మా ఇంట్లో మాటలాగే ఉంది. ఆ కింద నిలబడినవాళ్ల గురించి నాలుగు మాటలు ఆ పుస్తకంలో వేస్తే కంపెనీకి ఒక పేజీ ఎక్కువయ్యేది, అంతే కదా!

పలకలు వంచడం ఈ కిట్‌లో అన్నిటికన్నా కష్టమైన పని. ముక్కు దగ్గర ఓడ గుండ్రంగా తిరుగుతుంది. పలకను ఎండుగా వంచితే విరుగుతుంది. నానబెట్టమని రాశారు, గంట నానబెట్టినా నాకు సరిపోలేదు. చివరికి నేను చేసింది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కుక్కర్ మూత మీద వెయిట్ తీసేసి, ఆ మూతికి రబ్బరు ట్యూబు తొడిగి, దాని రెండో కొసను మూడడుగుల పైపులోకి పెట్టాను. పైపు రెండో చివర గుడ్డ వదులుగా కుక్కాలి, గట్టిగా బిగించకూడదు, ఆవిరి పోయే దారి ఉండాలి. సన్నటి సెగ మీద పావుగంట ఆవిరి పట్టిస్తే పలక తాటాకులా వంగింది. తీసిన వెంటనే ఓడకు ఆనించి క్లిప్పులు వేసి రాత్రంతా వదిలేయాలి. మా ఇంటావిడ మొదట కుక్కర్ ఇవ్వనంది. తర్వాత తనే టైము చూసి పైపులోంచి పలకలు తీసి అందించింది. ఈ ఉపాయం నేను కనిపెట్టిందనుకుంటే, ఆ రోజుల్లో పెద్ద ఓడల పలకలను కూడా పొడుగాటి పెట్టెల్లో పెట్టి ఆవిరి పట్టించి, వేడివేడిగా మోసుకుపోయి వంచేవాళ్లట. చెక్క ఎక్కడైనా చెక్కే.

ఒక జాగ్రత్త. మే నెలలో పలకలు వేయొద్దు. నేను ఎడమ పక్క ఏప్రిల్, మే నెలల్లో వేశాను. మన ఎండకు చెక్క లాగేసి పలకల మధ్య సందులు పడ్డాయి, వాల్‌నట్ పొట్టూ జిగురూ కలిపి పూడ్చాల్సొచ్చింది. కుడి పక్క వానలు మొదలయ్యాక వేశాను, ఒక్క సందు లేదు. అసలు ఓడలో ఈ సందుల పనే వేరే పని. పాత తాళ్లు విప్పి, పీచు చేసి, పలకల మధ్యలో దట్టించి, పైన వేడి తారు పోస్తారు. పలకలను పట్టి ఉంచేది ఎక్కువగా చెక్క మేకులు, తడిసేకొద్దీ ఉబ్బి బిగుస్తాయి. మనం పాత తలుపుల కీళ్లకు వెదురు మేకులు కొట్టినట్టే.

అడుగున రాగిరేకులు అంటించాలి. ఒక్కోటి బొటనవేలి గోరు కంటే కాస్త పొడుగు, వేల సంఖ్యలో ఉంటాయి. చెమట చేత్తో పట్టుకుంటే మర్నాటికల్లా వేలిముద్ర నల్లగా తేలుతుంది. చేతికి తొడుగు వేసుకోండి, నేను ఓ రెండు వందల రేకులు అంటించాక గానీ ఇది తెలుసుకోలేదు. ఎందుకు రాగి అంటే, సముద్రంలో చెక్కను తొలిచేసే పురుగు ఉంటుంది, దాన్ని ఆపడానికి. నాచు కూడా పట్టదు, ఓడ జోరుగా పోతుంది. 1761లో 'అలార్మ్' అనే ఓడకు మొదట రాగి వేసి చూశారు. పురుగు ఆగింది గానీ, ఉప్పునీళ్లలో రాగి పక్కనున్న ఇనప మేకులు కరిగిపోయాయి. దాంతో తర్వాత బోల్టులే మార్చాల్సొచ్చింది. ఇంత మంచి సంగతి ఉంటే పుస్తకంలో దాని ఊసే లేదు.

రేకులు తక్కువ వచ్చాయి, ఇది నా పెద్ద ఫిర్యాదు. చివరి రెండు వరసలకు లేవు. కప్పీలు కూడా ముప్పై దాకా తక్కువ. మెయిల్ పెడితే మొదట జవాబే లేదు. మా అల్లుడు రెండుసార్లు ఫోన్ చేసి గట్టిగా అడిగితే, రెండు నెలలకు ఓ కవరు వచ్చింది. రేకులు సరిపోయాయి, కప్పీలు అప్పటికీ పూర్తిగా రాలేదు. మిగిలినవి మాధవమాల నుంచి మా షెడ్డుకు పనికొచ్చే ఓ కుర్రాడు చేశాడు. అక్కడివాళ్లకు కొయ్య బొమ్మలు చెక్కడం చిన్నప్పటి నుంచి అలవాటు. కందిగింజంత కప్పీలు, రంధ్రంతో సహా, ఒక ఆదివారం పూట కూర్చుని చెక్కి ఇచ్చేశాడు. కిట్‌లో వచ్చినవాటి పక్కన పెట్టి చూస్తే ఇవే బాగున్నాయి.

అడుగు భాగం పూర్తయి, రేకులు అంటించి, నున్నగా చేసిన రోజు పాప ఒక మాట చెప్పింది. బక్లర్స్ హార్డ్ పని అక్కడితో అయిపోయేదట. పోటు నీళ్లు నిండుగా వచ్చే వేళ చూసి, ఏటవాలు దారి మీద కొవ్వు పూసి, ఒట్టి ఓడ ఒళ్లును నదిలోకి జార్చేవాళ్లు. అక్కణ్ణుంచి పడవలతో లాగించి పోర్ట్స్‌మత్ అనే నౌకాదళ రేవుకు తీసుకెళ్తే, తెరచాప స్తంభాలు, ఫిరంగులు పెట్టేది అక్కడ. నాలుగేళ్లు చేసిన పని అలా నది మలుపు తిరిగి వెళ్లిపోతుంటే ఒడ్డున నిలబడినవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోగలను. మా నాయన ఒక గుడి తేరుకు కొత్త చక్రాలు చేశాడు. మొదటిసారి లాగిన రోజు జనమంతా గోవిందా గోవిందా అని పైకి చూస్తూ నడుస్తుంటే, నాయన మాత్రం చక్రం పక్కనే వంగి నడిచాడు, చెక్క ఎక్కడైనా పలుకుతుందేమోనని చెవి పెట్టి. తేరు నిలిచాక గానీ దండం పెట్టుకోలేదు. నేనూ ఆ వారం కిట్ పని ఆపేసి, స్తంభాలు లేని ఆ ఒట్టి ఓడను అలాగే ఉంచి చూసుకున్నాను. ఫొటోలు తీసి పాపకు పంపితే, ఆ రేవులో ఓడలు జార్చిన దారుల ఆనవాళ్లు బురదలో ఇప్పటికీ కనపడతాయని వాటి ఫొటో తిరిగి పంపింది. నల్లగా మగ్గిన పాత దూలాలు, అంతే. నా ఫోనులో ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన ఉన్నాయి.

తాళ్ల పని గురించి ఎక్కువ చెప్పను. కష్టం, ఓపిక కావాలి, దారం నాణ్యత సుమారు. నూగు లేస్తుంది, తేనెమైనం రాసుకుంటే సర్దుకుంటుంది. ఫిరంగులు ఇత్తడివి, చాలా బాగున్నాయి.

నెల్సన్ గురించి కూడా రెండు మాటలు, లేకపోతే అన్యాయం. 1793లో ఆయన ఈ ఓడకు కెప్టెన్‌గా వచ్చాడు, ఇదంటే ఆయనకు ప్రాణమట. ఈ ఓడ మీద ఉన్న కాలంలోనే 1794లో కోర్సికా దీవిలోని కాల్వి దగ్గర జరిగిన పోరులో ఆయన కుడికన్ను చూపు పోయింది. నావికులకు గ్రీకు పేరు నోరు తిరగక 'ఎగ్స్ అండ్ బేకన్' అని పిలుచుకునేవాళ్లు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో అగమెమ్నాన్‌తో పాటు యూరియాలస్, స్విఫ్ట్‌ష్యూర్ అనే ఇంకో రెండు ఓడలు పాల్గొన్నాయి, మూడూ ఈ ఒక్క వీధి ఊళ్లో పుట్టినవే. ఆడమ్స్ ముసలాయన పోయిందీ ఆ సంవత్సరమే. ఓడ మాత్రం 1809లో దక్షిణ అమెరికాలో, ఉరుగ్వే తీరంలో నీళ్ల కింది దిబ్బకు తగిలి మునిగిపోయింది. మనుషులందరూ బతికి బయటపడ్డారు. 28 ఏళ్లు నీళ్ల మీద ఉండి, పోయేటప్పుడు కూడా ఒక్కరినీ తీసుకుపోలేదు. ఆ మాట విని నాకు ఆ ఓడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

1815లో ఫ్రెంచి వాళ్లతో యుద్ధాలు ఆగిపోయాక ఆర్డర్లు తగ్గాయి, తర్వాత ఇనప ఓడలు వచ్చాయి, ఊరు సద్దుమణిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నది మళ్లీ పనికొచ్చింది. ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆయన 1966–67లో ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చిన పడవ ఉండేదీ ఈ రేవులోనే. 1963లో మ్యూజియం పెట్టారు. అక్కడి ఇళ్లల్లో కొన్నిటిని పాతకాలంలో ఎలా ఉండేవో అలా సర్ది పెట్టారు. ఓడ పనివాడి ఇల్లు, కూలివాడి ఇల్లు వేరువేరుగా. పాప కూలివాడి ఇంటి ఫొటో పంపింది. ఒక గది, ఒక పొయ్యి, ఇంటిల్లిపాదీ ఎలా పడుకునేవాళ్లో. సేనాని బొమ్మ పెట్టడం అందరూ చేస్తారు, కూలివాడి పొయ్యిని కూడా చూపించారు చూడండి, ఆ ఊరివాళ్లకు అందుకు నమస్కారం.

ఎవరు కొనొచ్చు అంటే, చెక్క పని కొంచెమైనా తెలిసినవాళ్లు, రోజూ సాయంత్రం గంటన్నర కూర్చోగలిగినవాళ్లు కొనొచ్చు. మొదటిసారే ఇంత పెద్దది వద్దు, చిన్న పడవ కిట్‌తో మొదలెట్టండి. పిల్లల బొమ్మ కాదు. సన్నని ఉలి, చిన్న బరమా, బట్టల క్లిప్పులు ఓ యాభై, మంచి లైటు ముందే సిద్ధం చేసుకోండి. పెట్టె తెరిచిన రోజే ముక్కలన్నీ లెక్కపెట్టి, తక్కువైతే ఫొటోతో సహా మెయిల్ పెట్టండి, నాలాగా చివర్లో చూసుకోవద్దు. చెక్కకు, డ్రాయింగులకు ఐదుకి ఐదు. లెక్క తక్కువ ముక్కలకు, జవాబు ఇవ్వని తీరుకు రెండు. ఆ పుస్తకానికి ఒకటి. మొత్తం మీద మూడున్నర ఇస్తున్నాను. కొత్తగా అచ్చు వేసేటప్పుడు ఆ ఊరి గురించి రెండు పేజీలు కలిపితే నేనే వచ్చి ఐదు చేస్తాను.

కిట్‌తో పాటు ఇత్తడి పేరుపలక ఒకటి వచ్చింది, దాని మీద ఓడ పేరు ఇంగ్లీషులో ఉంది. అది అలాగే పెట్టాను. దాని కింద టేకు పీట మీద నేనే ఉలితో చెక్కాను: 'బక్లర్స్ హార్డ్ రేవు, బ్యూలీ నది ఒడ్డు, 1777–1781'. తెలుగు అక్షరాలే. మా మనవరాలు వీడియోలో చూసి, "తాతా, మా ఊరి పక్క ఊరి పేరు తెలుగులో రాశావా?" అని రెండుసార్లు చదివించుకుంది. దుమ్ము పడకుండా అద్దం పెట్టె కావాలి. తిలక్ రోడ్డు అద్దాల షాపాయన వచ్చి కొలతలు తీసుకున్నాడు, ఆదివారానికి తెస్తానన్నాడు. అప్పటిదాకా పాత పంచె ఒకటి కప్పి పెట్టాను.